ముందు నడిస్తే ముందున్నట్టేనా?



పెళ్లిలోనో బారసాలలోనో నలుగురు చుట్టాలు చేరినచోట ఏడాది లోపు పిల్లలు ఇద్దరున్నారంటే చాలు, మాట ఒకే దారిన పోతుంది. "మీవాడికి ఎన్నో నెలమ్మా?" "పదో నెల నడుస్తోందండీ." "అడుగులేస్తున్నాడా?" "ఇంకా లేదండీ, పాకుతున్నాడు." "అలాగా! మా మనవడు తొమ్మిదో నెలకే ఇల్లంతా తిరిగేశాడు." ఆ మాట అన్న పెద్దావిడ మనసులో దురుద్దేశం ఏమీ ఉండదు. మనవడి ముచ్చట చెప్పుకుంది, అంతే. కానీ పాకుతున్న బిడ్డ తల్లికి ఆ పూట విందు భోజనం సయించదు. రాత్రి బిడ్డ నిద్రపోయాక ఫోను తీసి వెతుకుతుంది. వచ్చే ఆదివారానికి ఇంట్లోకి వాకర్ వస్తుంది.

అటు తొమ్మిదో నెలకే నడిచిన పిల్లవాడి ఇంట్లోనూ లెక్కలు మొదలవుతాయి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత ఉండనే ఉంది. నడకలో ముందున్నవాడు చదువులోనూ ముందే ఉంటాడని తాతగారు అనేస్తారు. రెండేళ్లకు బడి, మూడేళ్లకు ఎక్కాలు.

ఒక ఇంట్లో బెంగ, ఒక ఇంట్లో సంబరం. రెండింటికీ మూలం ఒకటే: పిల్లలు ఏ పనైనా ముందుగా చేస్తే మంచిదనీ, ఎంత ముందైతే అంత మంచిదనీ మనకున్న నమ్మకం. ఈ నమ్మకంలో నిజమెంతో ఈ పూట చూద్దాం.

ముందు అనాలంటే దేనికి ముందు అన్నది తేలాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సంగతి తేల్చడానికి ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది పిల్లలను గమనించింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. అందరూ ఆరోగ్యంగా పుట్టి, తల్లిపాలు తాగి, లోటు లేకుండా పెరుగుతున్నవాళ్లే. శిక్షణ పొందిన కార్యకర్తలు మొదటి ఏడాది నెలనెలా, రెండో ఏడాది రెండు నెలలకోసారి ఇంటికి వెళ్లి చూశారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

ఆ లెక్కల ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం నాలుగో నెల చివర్లో మొదలుపెట్టినవాళ్లున్నారు, తొమ్మిది నెలలు దాటాక కూర్చున్నవాళ్లున్నారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవడం సగటున పన్నెండు నెలలకు వచ్చింది. కానీ సగటుకు అటూ ఇటూ ఎంత జాగా ఉందో చూడండి. తొందరగా నడిచినవాళ్లు ఎనిమిది నెలలు దాటిన కొద్ది రోజులకే నడిచారు. నెమ్మదిగా నడిచినవాళ్లు పదిహేడున్నర నెలలకు నడిచారు. నడుమ తొమ్మిది నెలల తేడా! అందరూ ఆరోగ్యవంతులే. ఇక పాకడం సంగతి మరీ విచిత్రం. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు పాకనే లేదు. పిల్లల్లో కొందరు పొట్ట మీద ఈడ్చుకుంటూ పోతారు. కొందరు పిర్రల మీద జరుగుతారు. కొందరు ఇవేవీ లేకుండా మంచం కోడు పట్టుకుని లేచి నిలబడతారు. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ తన ఎదుగుదల జాబితాను సవరించినప్పుడు పాకడాన్ని జాబితాలోంచే తీసేసింది.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. విత్తనానికి ఒక అదను ఉంటుంది. ఆ అదనులో మొదటి రోజు చల్లినవాడి చేనూ పండుతుంది, ఆఖరి రోజు చల్లినవాడి చేనూ పండుతుంది. అదను దాటిపోతేనే చింత. బిడ్డ కూర్చోవడానికీ, నిలబడడానికీ, నడవడానికీ, మాటకీ ఒక్కోదానికి ఒక్కో అదను ఉంది. అది తారీకు కాదు, నెలల తరబడి సాగే కాలం.

మరి ఆ అదనులో కొందరు ముందెందుకు, కొందరు వెనకెందుకు? కారణాలు చాలా ఉన్నాయి. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కాళ్లకు వెళ్లే నరాలకు మైలిన్ అనే కొవ్వు పొర పడుతుంది. ఆ పొర పడ్డకొద్దీ కబురు వేగంగా చేరుతుంది. తల దగ్గర మొదలై పాదాల వైపు ఎదుగుదల సాగుతుంది కాబట్టే మెడ నిలవడం ముందు, నడుము నిలవడం తరవాత, కాళ్లు నిలవడం ఆఖరు. ఈ వరస దాదాపు అందరిలో ఒకటే. వేగం మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. దానిలో వంశపారంపర్యం పాలు కొంత ఉంది. 2025లో 70 వేల మందికి పైగా పిల్లల జన్యువులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, నడక మొదలయ్యే వయసులోని తేడాల్లో దాదాపు నాలుగో వంతు జన్యువులతో ముడిపడి ఉందని చెప్పింది. "వీళ్ల నాన్న కూడా ఇంతే, ఏడాదిన్నరకు గానీ నడవలేదు" అని నాయనమ్మలు చెప్పే మాట ఉత్తి ఓదార్పు కాదన్నమాట.

శరీర నిర్మాణం మరో కారణం. పుట్టిన కొద్ది రోజుల బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు నేలకు ఆనిస్తే నడుస్తున్నట్టుగా అడుగులు వేస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి ఆ అడుగులు మాయమవుతాయి. మెదడు ఎదిగి ఆ చేష్టను అణచేసిందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో ఎస్తర్ థెలెన్ అనే శాస్త్రవేత్త 1980ల్లో ఒక చిన్న పని చేసింది. అడుగులు మానేసిన పిల్లలను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి చూసింది. మళ్లీ అడుగులు వేశారు! సంగతేమిటంటే, ఈలోగా కాళ్లకు కొవ్వు పట్టి బరువెక్కాయి, కండ ఇంకా చాలలేదు. నీళ్లలో బరువు తేలికయ్యేసరికి కాళ్లు కదిలాయి. బొద్దుగా ఉన్న బిడ్డ కాస్త నెమ్మదిగా నడవడానికీ, సన్నగా ఉన్న బిడ్డ చకచకా లేవడానికీ తెలివితో పని లేకపోవచ్చు.

ఇంకొకటి, మన పెంపకం. కెన్యాలో కిప్సిగిస్ అనే జనం ఉన్నారు. అక్కడి తల్లులు బిడ్డకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. నేలలో చిన్న గుంట చేసి, చుట్టూ గుడ్డలు పేర్చి, బిడ్డను అందులో కూర్చోబెడతారు. 1970ల్లో చార్ల్స్ సూపర్ అనే పరిశోధకుడు అక్కడ ఉండి చూస్తే, ఆ పిల్లలు అమెరికా పిల్లల కంటే ముందే కూర్చుంటున్నారు, ముందే నడుస్తున్నారు. కానీ పాకడంలో ముందు లేరు. ఎందుకంటే పాకడం అక్కడ ఎవరూ నేర్పరు. అంటే పిల్లలు దేన్ని సాధన చేస్తే అదే ముందు వస్తుంది. మన ఇళ్లలో బిడ్డకు నూనె రాసి కాళ్లూ చేతులూ సాగదీయడం, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడం, చంకనెత్తుకుని తిప్పడం కూడా ఇలాంటి సాధనే. జమైకా తల్లుల్లోనూ ఇలా ఒళ్లు మర్దించి సాగదీసే అలవాటుంది. వాళ్ల పిల్లలూ తొందరగా కూర్చుంటారు.

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. తజికిస్తాన్‌లో గహ్వోరా అనే ఉయ్యాలలో పిల్లలను కాళ్లూ చేతులూ కదలకుండా కట్టి గంటల తరబడి పడుకోబెడతారు. ఆ పిల్లలు నడవడం ఆలస్యమే. కానీ నాలుగైదేళ్లు వచ్చేసరికి తక్కిన పిల్లల్లాగే పరుగెత్తుతారు, గెంతుతారు. పరాగ్వే అడవుల్లో అచే జాతి తల్లులు పాముల భయంతో, పురుగూ పుట్రా భయంతో బిడ్డను నేల మీదికి దింపేవారు కాదు. అక్కడ నడక రెండేళ్ల దగ్గరికి పోయేది. ఆ పిల్లలే ఎనిమిది, పదేళ్లకు పెద్ద పెద్ద చెట్లెక్కేవారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అలాగన్నమాట.

ఇక అసలు ప్రశ్న. ముందు నడిచిన బిడ్డ ముందు ముందు చురుకైనవాడవుతాడా? స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో రెండు వందలకు పైగా ఆరోగ్యవంతులైన పిల్లలను పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా గమనించారు. ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు నడిచారు అన్నది రాసిపెట్టుకున్నారు. బడి వయసులో, ఆ తరవాత తెలివితేటలూ, శరీర నైపుణ్యాలూ పరీక్షించారు. 2013లో వచ్చిన ఫలితం చెప్పిందిది: ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో తొలి అడుగు ఎప్పుడు పడిందన్నది రేపటి గురించి చెప్పేది చాలా తక్కువ. బ్రిటన్‌లో 1946లో పుట్టిన వేలమందిని గమనించిన మరో అధ్యయనంలో సంబంధం కాస్త కనిపించింది. ఎంత? ఒక నెల ముందు నిలబడితే ఎనిమిదో ఏట తెలివి పరీక్షలో సగటున అర పాయింటు ఎక్కువ. వేలమందిని కలిపి చూస్తే గాని కనపడని ఆ అర పాయింటును పట్టుకుని మన ఇంటి బిడ్డ జాతకం రాయలేం.

అయినా రాయాలని మనకు ఎప్పుడూ సరదాయే. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, ఇంకేవో ఎదురుగా పరిచి, బిడ్డ పాకి దేన్ని పట్టుకుంటాడో అని అందరం ఊపిరి బిగపట్టి చూస్తాం. అది వేడుక. వేడుకగా ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు.

మన వేడుకల్లోనే ఇంకొక తెలివైన ఏర్పాటు ఉంది. బారసాలకు ముహూర్తం ఉంది, అన్నప్రాశనకు ముహూర్తం ఉంది. కానీ బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు పంచుతారు చూడండి, అడుగులేస్తే అరిసెలు పంచుతారు చూడండి, వాటికి ముహూర్తం లేదు. గడప దాటితే గారెలు, పాకితే పాయసం అంటూ ఇంటింటికీ జాబితా కొంచెం మారవచ్చు. ఏ ఇంట్లోనైనా పద్ధతి మాత్రం ఇదే. బిడ్డ ఆ పని చేసిన రోజునే పొయ్యి మీద మూకుడు పెడతారు. ఏ నెలలో వండినా అరిసె అరిసే. తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డ అరిసెలు ఎక్కువ తియ్యగా, పదహారో నెలలో నడిచిన బిడ్డవి తక్కువ తియ్యగా ఉండవు. ముహూర్తం పెట్టే హక్కు పూర్తిగా బిడ్డకే వదిలేసిన వేడుక అది.

ఆ హక్కును మనం లాగేసుకోవాలని చూస్తే ఏమవుతుంది? అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ 1929లో ఒకే పోలిక గల కవల ఆడపిల్లల మీద ఒక ప్రయోగం ప్రకటించాడు. ఒక పాపకు 46వ వారం నుంచి ఆరు వారాలపాటు మెట్లెక్కడం నేర్పించారు. రెండో పాపకు ఏమీ నేర్పలేదు. 53వ వారంలో రెండో పాపకు మొదలుపెట్టి రెండే రెండు వారాలు నేర్పారు. ఆ రెండు వారాల్లోనే ఆ పాప అక్కను అందుకుంది. ముందు మొదలుపెట్టినందుకు దక్కింది ఎక్కువ శ్రమ. గెసెల్ దీన్నిబట్టి సాధనకు విలువే లేదన్నట్టు మాట్లాడాడు, అది మరీ ఎక్కువ. కిప్సిగిస్ పిల్లల సంగతి ఇందాకే విన్నాం. సాధనకు ఫలితం ఉంది. కాని దాంతో వచ్చే ముందడుగు ఎక్కువకాలం నిలవదు.

వాకర్ సంగతి ఇంకా దారుణం. చక్రాల మీద తిరిగే చట్రంలో బిడ్డను కూర్చోబెడితే నడక తొందరగా వస్తుందని కొంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. అందులో బిడ్డ కాలివేళ్లతో నేలను తన్నుతాడు గాని, బరువు ఆపుకోవడం, తూలినప్పుడు సర్దుకోవడం నేర్చుకోడు. ఐర్లండ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వాకర్‌లో గడిపిన సమయమంతా కూడితే, ప్రతి ఇరవైనాలుగు గంటలకూ నడక మూడు రోజులకు పైగా వెనకబడిందని అందులో తేలింది. మెట్ల మీంచి దొర్లే ప్రమాదం సరేసరి. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్క బండి వేరు. దాన్ని బిడ్డ తన కాళ్ల మీద నిలబడి తోస్తాడు, బరువు తనదే మోస్తాడు. పక్కన ఒక మనిషి ఉంటే దానితో చిక్కు లేదు.

మాటల విషయంలో వాకర్ పాత్ర ఇప్పుడు ఫోను పోషిస్తోంది. పాటల వీడియోలు, అక్షరాల వీడియోలు పెడితే మాటలు ముందే వస్తాయని ఆశ. 2010లో అమెరికాలో ఏడాది నుంచి ఏడాదిన్నర పిల్లల మీద ఒక పరీక్ష జరిగింది. మాటలు నేర్పే వీడియోను నెలరోజులు ఇంట్లో చూపించారు. చూసిన పిల్లలు, చూడని పిల్లల కంటే ఎక్కువ మాటలేమీ నేర్వలేదు. ఎక్కువ నేర్చినవాళ్లు ఎవరయ్యా అంటే, వీడియో లేకుండా అమ్మానాన్నలు ఇంటి పనుల మధ్య అవే మాటలు నేర్పిన పిల్లలు. ఇంకో తమాషా, ఆ వీడియో బాగా నచ్చిన తల్లిదండ్రులు తమ పిల్లలు చాలా నేర్చేసుకున్నారని నమ్మారు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. స్నానం చేయిస్తూ "లాల పోసుకుందామా" అనడం, అన్నం కలుపుతూ "బువ్వ తిందామా" అనడం, తారంగం ఆడించడం, దోబూచులాడడం వంటి వాటికి సాటి వచ్చే యంత్రం ఇంకా పుట్టలేదు. బిడ్డ "ఉంగా" అంటే మనమూ "ఉంగా" అంటాం చూడండి, మాట మొదలయ్యేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే.

ఇప్పటిదాకా ముందు రావడం గొప్ప కాదన్నాను. ఇకపై చెప్పేది కొంచెం జాగ్రత్తగా వినండి. కొన్నిసార్లు ముందు రావడం మంచి గుర్తు కూడా కాదు.

రెండో నెలలోనే బిడ్డ దొర్లేశాడని సంబరపడే ఇళ్లున్నాయి. చాలాసార్లు ఏ బాధా ఉండదు. కానీ ఒళ్లంతా బిగుసుకుని, వెనక్కి విల్లులా వంగి, కర్ర దొర్లినట్టు ఒక్కసారిగా దొర్లితే అది కండరాల బిగుతు కావచ్చు. అలాగే నిలబెట్టిన ప్రతిసారీ కాళ్లు కొయ్యల్లా బిగిసి, మునివేళ్ల మీదే ఆగి, కత్తెరలా ఒకదానిమీదొకటి పడుతుంటే, కాళ్లలో బలం వచ్చిందని మురిసిపోకూడదు. డాక్టరుకు చూపించాలి. చేతివాటం చాలామందిలో ఏడాదిన్నర దాటాకే తేలుతుంది. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక్క చెయ్యే వాడుతూ, రెండోది పిడికిలి బిగించి పక్కన పెట్టుకుంటే ఎడమచేతివాటమో, కుడిచేతివాటమో అనుకోవద్దు. వాడని చేతిలో బలహీనత ఉందేమో చూడాలి. ఇంకొకటి. రెండు మూడేళ్లకే దుకాణాల బోర్డులు చదివేస్తాడు, అంకెలు వందదాకా చెబుతాడు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగడు, కావలసింది వేలితో చూపించడు, తోటిపిల్లలతో ఆడడు. ఇలాంటి ముందస్తు చదువుకు 1967 నుంచే హైపర్‌లెక్సియా అన్న పేరు వాడుకలో ఉంది. ముందే చదివే పిల్లలంతా ఇలాంటివాళ్లు కారు, అలా చదవడంలో తప్పూ లేదు. చదువు ఒక్కటీ ముందుకు పోయి మనుషులతో కలవడం వెనకబడినప్పుడు మాత్రం నిపుణులకు చూపించాలి.

అందుకని ఎప్పుడు అన్న ప్రశ్నతో పాటు, దానికన్నా ముఖ్యంగా, ఎలా అన్న ప్రశ్న వేసుకోవాలి. రెండు వైపులా కాళ్లూ చేతులూ సమానంగా కదులుతున్నాయా? నడక, చేతిపని, మాట, మనుషులతో చెలిమి, ఈ నాలుగూ ఇంచుమించు కలిసి సాగుతున్నాయా? వచ్చిన విద్య నిలుస్తోందా, లేక వచ్చి పోతోందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే బిడ్డ తొమ్మిదో నెలలో నడిచినా పదహారో నెలలో నడిచినా మీరు హాయిగా నిద్రపోవచ్చు.

నిజంగా ముందే నడిచిన బిడ్డ ఇంట్లో ఉంటే హాయిగా నిద్రపోవడం కొంచెం కష్టమే అనుకోండి. కాళ్లొచ్చాయి, జ్ఞానం ఇంకా రాలేదు. న్యూయార్క్‌లో కేరెన్ అడాల్ఫ్ అనే పరిశోధకురాలు నడక నేర్చే పిల్లలను లెక్కపెట్టింది. ఏడాది నుంచి పంతొమ్మిది నెలల మధ్య పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. పడడం తప్పు కాదు, నేర్చుకునే దారే అది. ఏటవాలు పలకల మీద ఆమె చేసిన పరీక్షల్లో ఇంకో సంగతి తెలిసింది. పాకుతున్నప్పుడు ప్రమాదకరమైన వాలును చూసి ఆగిపోయిన బిడ్డ, నడక రాగానే అదే వాలు మీదికి జంకు లేకుండా దూకుతాడు. కొత్త విద్యతో పాటు జాగ్రత్త కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. తొమ్మిదో నెలలో నడిచే బిడ్డకు ఏం చెబితే అర్థమవుతుంది? అందుకే జాగ్రత్త మనదే. స్నానాల గదిలో నీళ్లు నిండిన బకెట్టు ఉంచకండి, చిన్న పిల్లలకు అరబకెట్టు నీళ్లు చాలు ప్రాణం మీదికి రావడానికి. వేడి చారు గిన్నె, పాల గిన్నె అంచున పెట్టకండి. కూల్‌డ్రింక్ సీసాలో కిరసనాయిలు, ఫినాయిలు పోయకండి. వేరుశనగ గింజ, రూపాయి బిళ్ల, బొమ్మల్లో ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ నేల మీద ఉండకూడదు. మెట్లకు అడ్డు పెట్టండి.

ఇక నెమ్మదిగా వస్తున్న పిల్లల మాట. మొదట ఒక లెక్క సరిచూసుకోవాలి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ వయసు, పుట్టినరోజు నుంచి కాక డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెల వస్తే, ఎదుగుదల లెక్కలో ఆరో నెల అనుకోవాలి. రెండేళ్ల వరకు ఈ సవరణ పాటిస్తారు. ఇంట్లో రెండు మూడు భాషలు వినిపిస్తే మాటలు ఆలస్యమవుతాయన్న భయమూ వదిలేయండి. హైదరాబాదులో తెలుగూ హిందీ కలిసి వినే బిడ్డకైనా, అమెరికాలో ఇంట తెలుగు, బయట ఇంగ్లీషు వినే బిడ్డకైనా అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. అప్పుడు లోటు కనపడదు.

అదను దాటిందని ఎప్పుడు అనుకోవాలి? మూడు నెలలు నిండినా మన ముఖం చూసి నవ్వకపోతే. అయిదు నెలలకు మెడ నిలవకపోతే. తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోతే. ఏడాదికి పేరు పిలిచినా తిరగకపోతే. ఏడాదిన్నరకు నడక గానీ, అర్థమయ్యే మాట గానీ లేకపోతే. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోతే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాట గానీ, ఆట గానీ పోతే. మాట రాని బిడ్డకు మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష.

ఇందుకు పెద్ద ఊళ్లకు పరుగెత్తనక్కర్లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయసుకు ఏం రావాలో బొమ్మలతో సహా ఉంటుంది. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో రెండేళ్ల లోపు పిల్లల కోసం పదిహేడు అంశాలతో ఒక పట్టిక తయారుచేసింది. అందులో ఒక్కో విద్యకు ఒక్కో పొడవాటి పట్టీ గీసి ఉంటుంది. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెడితే, ఎడమవైపు దాటిపోయిన పట్టీల్లో రానిది ఏదన్నా ఉందా అని ఇట్టే తెలుస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తాయి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. బుద్ధిమాంద్యం అనుమానం ఉంటే సికింద్రాబాదులో 1984 నుంచి జాతీయ సంస్థ ఒకటి పనిచేస్తోంది.

థైరాయిడ్ లోపం, వినికిడి లోపం లాంటివి ఎంత తొందరగా పట్టుకుంటే అంత బాగా చక్కదిద్దవచ్చు. బిడ్డ మెదడు మొదటి రెండు మూడేళ్లలో ఎదిగినంత వేగంగా మళ్లీ ఎప్పుడూ ఎదగదు. "మగపిల్లలు లేటుగానే మాట్లాడతార్లే", "రెండేళ్లు రానీ చూద్దాం" అనే మాటలతో ఆ విలువైన నెలలు గడిచిపోతాయి. అందుకని పిల్లలను తొందరపెట్టకండి, వాళ్ల అదను వాళ్లకుంది. తొందర పడాల్సింది పెద్దలు, అదీ ఒక్క చోటే. అదను దాటిందన్న అనుమానం వచ్చిన రోజున, వచ్చే నెలకు వాయిదా వేయకుండా, బిడ్డనెత్తుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.